పడని మందు, వ్రాయని చీటీ

నందికొట్కూరుకును ఆత్మకూరుకును నడుమ, తూర్పున నల్లమల కొండలు నీలిగీతవలె కన్పట్టు పాములపాటిలో, మా పెద్దమ్మ యింటి వసారాలో మేకునకు వ్రేలాడుచుండిన ఒక ప్లాస్టిక్ సంచియే ఆమె యావజ్జీవ వైద్యచరిత్రము. మడతలు పడి, నూనె మరకలంటి, అక్షరములు అలుకుకొనిపోయిన మందుచీటీలు, రక్తపరీక్షల కాగితములు, మందుల షాపువాడు పది మాత్రల అట్టను కత్తెరతో ముక్కలు చేసి యమ్మినందున పేరున్న భాగమొకరికిని గడువు తేదీయున్న భాగమింకొకరికిని పోయి, ఏ గుర్తును లేక మిగిలిన వెండిరంగు తునకలు, ఇవన్నియు అందులో కలగలసి యుండెడివి. మందుల సంగతి యడిగినప్పుడెల్ల ఆమె చెప్పునది ఒకటే మాట: “ఆ మాత్ర నాకు పడల్యా నాయనా, ఒకటే వేడి చేసె. కాళ్లు చూడు, యెట్ల పొంగినాయో.” ఏ మాత్ర యని రెట్టించినచో, “తెల్లది, గుండ్రంగా వుంటాదే, అది” అని సమాధానము.

ఒక సంక్రాంతి సెలవులలో నేనా సంచిని బేతంచెర్ల బండల నేలపై గుమ్మరించి, చీటీలను తేదీల వరుసను పేర్చి, మాకు తెలిసిన వైద్యునకు ఫోనులో ఒక్కొక్కటియే చదివి వినిపించితిని. మొదటి చీటీ రక్తపోటునకు వ్రాసిన ఆమ్లోడిపిన్ మాత్రది. ఆ మందు కొందరికి చీలమండలయొద్ద వాపు కలిగించునన్నది వైద్యశాస్త్రమున చిరపరిచితమైన విషయము. కొన్ని మాసములకు కాళ్ళు పొంగెను. అప్పటికామె ఆళ్లగడ్డలో కూతురింట నున్నది. అచ్చటి వైద్యుడు వాపునుజూచి నీరు వెడలగొట్టు మాత్ర వ్రాసెను. నీటితోపాటు పొటాషియము కూడ పోయినందుననేమో రాత్రులు పిక్కలు పట్టసాగెను. నంద్యాలలో మరియొకరు బలమునకొకటియు నొప్పికొకటియు మాత్రలిచ్చిరి. నొప్పి మాత్రలు రక్తపోటును పెంచునట్టివి. పెరిగిన పోటునుజూచి మొదటి మాత్ర మోతాదు రెట్టింపు చేయబడెను. ఇట్లు చక్రము పూర్తియైనది! నాలుగు చీటీలు వ్రాసిన నలుగురును తమ యెదుట కనబడిన దానికి తగిన మందే వ్రాసిరి. నాలుగింటిని ఒక్కచోట చూచిన వాడు మాత్రము ఆ సాయంత్రమువరకు ఎవడును లేకపోయెను. ఆ వైద్యుడు మొదటి మాత్రను మార్చగనే వాపు తగ్గెను. తక్కిన మాత్రల యవసరమును తీరెను.

నేనానాడు బండలమీద చేతితో చేసిన పనినే, కోట్లకొలది రోగుల విషయమున కంప్యూటరుచేత చేయించుటకు నేడు ‘ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల మైనింగ్’ అని పేరు. మైనింగ్ అనగా గని త్రవ్వుట. మా సీమవారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. తొలకరి వాన పడగనే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రములకై వంగిన నడుము ఎత్తక మట్టిని పరకాయించు జనమును ఏటేట చూచుచునే యున్నాము. పదివేల రాళ్ళలో ఒక్కటి మెరయవచ్చును. మెరసిన ప్రతిరాయియు వజ్రము కాదు. అయితే చేలో రాయి ముందే యున్నది. ఆరోగ్యపు గనిలోనో, ఎవరో ఒకరు వ్రాసియుంచిననే గాని త్రవ్వుటకేమియు నుండదు. ఈ వ్యత్యాసమునే ఈ వ్యాసము ఆసాంతము వెంబడింపదలచినది.

ఔషధములను అంగడిలోనికి విడుచుటకు ముందు మనుష్యులపై పరీక్షించి చూచుచున్నారు గదా, ఇంకను ఈ త్రవ్వకమేల యని కొందరడుగుదురు. ఆ పరీక్షలు జరుగునది కొలదివేలమందిపై. వారును ఏరి కూర్చబడినవారు. గర్భవతులు, ముసలివారు, నాలుగు జబ్బులు ఒక్కసారి మోయువారు అందు అరుదు. పదివేలమందిలో ఒక్కరికి కలుగు కీడు, మూడువేలమందిపై జరిపిన పరీక్షలో ఒక్కమారైనను కనబడకపోవుటకే అవకాశమెక్కువ. దానిని నూటికి 95 పాళ్ళ నమ్మకముతో ఒక్కమారు చూడవలెనన్న, సుమారు 30,000 మందికి ఆ మందిచ్చి చూడవలసియుండును. కావున ప్రతి క్రొత్త మందు విషయమునను అసలైన పరీక్ష అంగడిలోనే, మన పెద్దమ్మలమీదనే, మొదలగుచున్నదనుట అతిశయోక్తి కాదు.

1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వెలువడిన థాలిడోమైడ్, గర్భవతుల వేవిళ్ళకు కూడ వాడబడి, పదివేలమందికి పైగా శిశువులు చేతులు కాళ్ళు సరిగా ఏర్పడక జన్మించుటకు కారణమై, 1961 నవంబరులో ఉపసంహరింపబడెను. ఆ దుఃఖమునుండియే, మందు వికటించెనని తోచిన వైద్యుడు స్వచ్ఛందముగా వ్రాసి పంపు నివేదనా పద్ధతి పుట్టినది: బ్రిటనులో 1964లో పసుపుపచ్చ కార్డు, 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యొక్క అంతర్జాతీయ కార్యక్రమము, 1978 నుండి దానికి స్వీడను దేశపు ఉప్సాలా కేంద్రము. మన దేశమున 2010 జులైలో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కేంద్రముగా ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమము ప్రారంభమై, మరుసటి యేడు ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషనుకు మారెను. 2023 నవంబరు చివర, ఆడపిల్లలు నెలసరి నొప్పికి వాడుకొను మెఫెనామిక్ ఆమ్లపు మాత్ర అరుదుగా తీవ్రమైన చర్మ వ్యాధికిని అంతరవయవముల వాపునకును దారితీయవచ్చునని హెచ్చరించినది ఈ కమిషనే. అయితే స్వచ్ఛంద నివేదనమునకు స్వభావసిద్ధమైన లోపమొకటి కలదు: వ్రాయువారు తక్కువ. పలు దేశముల పరిశీలనలను క్రోడీకరించిన 2006 నాటి ఒక సమీక్ష, వికటించిన ఘటనలలో నూటికి సుమారు 94 నివేదింపబడకయే పోవుచున్నవని తేల్చినది.

వ్రాయబడిన ఆ ఆరింటితోనైనను లెక్క కుదరదు. వికటించినవారెందరో తెలిసినను, ఆ మందు మ్రింగినవారు మొత్తమెందరో, మ్రింగనివారిలో అదే బాధ ఎందరికి కలిగెనో తెలియదు. ఈ రెండును కలిసి దొరకుచోటు ఆరోగ్య రికార్డు. దాని ఉపయోగమునకు లోకప్రసిద్ధమైన దృష్టాంతము వయాక్స్ కథ. 1999లో అమెరికాలో అనుమతి పొంది, కీళ్ళనొప్పులకు కోట్లమంది వాడిన ఈ మందును దాని తయారీదారే 2004 సెప్టెంబరు 30న గుండెపోటు భయముచేత ఉపసంహరించెను. కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటీ యను ఆరోగ్య సంస్థ సభ్యులలో నొప్పి మందులు వాడిన సుమారు 14 లక్షలమంది రికార్డులను డేవిడ్ గ్రాహమ్ అను ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు పరిశీలించి, ఆ మందువలన అమెరికాలో 88,000 మొదలు 1,40,000 వరకు అదనపు గుండెజబ్బు ఘటనలు సంభవించియుండునని లెక్క కట్టెను. ఆ రికార్డులు మందు అమ్మకములో నున్నప్పుడే కంప్యూటర్లలో పడియున్నవి. అడుగువాడే ఆలస్యముగా వచ్చెను. ఈ చేదు అనుభవముననే అమెరికా శాసనసభ 2007లో చట్టము చేసి, 2012 నాటికి పదికోట్లమంది రికార్డులను ఔషధ భద్రతకై ప్రశ్నింపగల వ్యవస్థను నిర్మింపుడని ఆదేశించినది. సెంటినెల్ అను పేరుగల ఆ వ్యవస్థ నేటికిని నడచుచున్నది.

మా పెద్దమ్మ సంచిలోని చక్రమును పట్టు ఉపాయమును 1996లోనే డెన్మార్కు దేశస్థుడైన హల్లాస్ అను పరిశోధకుడు ప్రతిపాదించెను. ఒక మందు పిదప మరియొక మందు మొదలైనవారెందరు, దానికి ముందే మొదలైనవారెందరు అని రెండు గుంపులను లెక్కించినచో, మొదటి గుంపు మిక్కిలి పెద్దదైనప్పుడు, రెండవ మందు మొదటి మందు కలిగించిన బాధకే వాడబడుచున్నదని అనుమానింపవచ్చును. ఈ తర్కపు సౌందర్యము నన్ను ముగ్ధుని చేసినది. ఇందు రోగి నోరు విప్పి ఫిర్యాదు చేయనక్కరలేదు, వైద్యుడు అనుమానింపనక్కరలేదు. చీటీల వరుసయే సాక్ష్యము పలుకును. ఆమ్లోడిపిన్ జాతి మందుల వెంట నీటి మాత్రలు వచ్చు తీరును కెనడాలోని ఒంటారియో రాష్ట్ర వృద్ధుల రికార్డులలో 2020లో పట్టిచూపిరి.

రికార్డులోని అంకెలనే కాక, వైద్యుడు తన మాటలలో వ్రాసికొన్న వాక్యములను కూడ యంత్రముచేత చదివించుట మరియొక శాఖ. ‘దద్దురు వచ్చినది’, ‘దద్దురు లేదు’, ‘తండ్రికి దద్దురు వచ్చెడిదట’ అను మూడింటికి భేదము యంత్రమునకు నేర్పవలెను. ఇది చెప్పినంత సులువు కాదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నిగమ్ షా బృందమువారు ఇట్టి వ్రాతలనుండియే కొన్ని మందుల కీడును అధికార హెచ్చరికకు పూర్వమే గుర్తింపవచ్చునని 2013లో చూపిరి. అదే విశ్వవిద్యాలయమున టాటొనెట్టి, ఆల్ట్‌మన్ అనువారు 2011లో ప్రకటించిన పరిశోధన ఇంకను ఆసక్తికరము. దిగులునకు వాడు పారోక్సెటిన్, కొలెస్టరాలునకు వాడు ప్రావస్టాటిన్, విడివిడిగా చక్కెరను పెంచనివే. రెండును కలిసినప్పుడు మాత్రము రక్తములో చక్కెర డెసిలీటరునకు సగటున 19 మిల్లీగ్రాములు పెరుగుచున్నట్లు మూడు పెద్ద ఆసుపత్రుల రికార్డులలో తేలెను. పిమ్మట ఎలుకలపైనను రుజువయ్యెను. జంటమందుల సంగతిని తయారీదారులు కొన్నింటి విషయముననే పరీక్షింతురు, తక్కినవానికి రికార్డే దిక్కు.

ఇంతవరకు విన్నవారికి, రాశులుగా సమాచారము పోగుచేసిన చాలును, సత్యము తానే పైకి తేలునను భ్రమ కలుగవచ్చును. ఆ భ్రమకు మన హైదరాబాదే నూటముప్పదియేండ్లకు పూర్వము ఒక మహత్తరమైన గుణపాఠము చెప్పియున్నది. క్లోరోఫారము మత్తునకు రోగులు హఠాత్తుగా మరణించుట గుండె యాగుటచేతనా, ఊపిరి యాగుటచేతనా యను వివాదమును పరిష్కరించుటకై, రెసిడెన్సీ వైద్యుడైన ఎడ్వర్డ్ లారీ 1888లో హైదరాబాదు క్లోరోఫారము కమిషనును నెలకొల్పెను. దాని నిర్ణయమును ‘లాన్సెట్’ పత్రిక శంకింపగా, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక ఎన్నుకొన్న లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని 1889లో హైదరాబాదునకు రప్పించి రెండవ కమిషను జరిపించెను. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేర్కొనబడు రూపాబాయి ఫర్దూంజీ కూడ ఈ ప్రయోగములలో పాల్గొనినది. కుక్కలు, కోతులు, మేకలు మొదలగు నాలుగువందలకు పైబడిన జంతువులపై పరీక్షలు జరిగెను. గుండెకు భయము లేదు, ఊపిరినే కనిపెట్టియుండుడని కమిషను ఘంటాపథముగా ప్రకటించెను. లారీకి తన చేతిమీదుగా నడచిన వేలకొలది మత్తుల అనుభవమే గొప్ప ప్రమాణము.

ఆ నిర్ణయము తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ యను శాస్త్రజ్ఞుడు, మత్తు పలుచగా నున్నప్పుడు, రోగి భయపడి శరీరములో అడ్రినలిన్ ఉప్పొంగిన తరుణమున, గుండె గతి తప్పి వణకి ఆగిపోవునని చూపెను. హైదరాబాదు కమిషను జంతువులకు లోతైన మత్తిచ్చి చూచినది. మరణము పొంచియున్నదో, పలుచని మత్తులో. ఎన్ని వందల ప్రయోగములు చేసినను, ప్రాణము తీయు సందర్భము ఆ రాశిలో లేనప్పుడు రాశి పెరిగిన కొలదియు తప్పునందు ధీమా పెరుగునేగాని తప్పు దిద్దుకొనదు. నేటి ‘బిగ్ డేటా’ పూజారులు ఈ కథను తమ గోడలపై వ్రాయించుకొనదగును.

రికార్డులలో దాగు మాయలలో సామాన్యమైనదొకటి మా పల్లెజనమునకు బాగుగ తెలియును, తెలిసియు తెలియదు. “పెద్దాసుపత్రికి పోయినోళ్ళు తిరిగిరారు” అని అవ్వలనెడివారు. అక్కడికి తీసికొనిపోవునదే కడపటి ఘడియలో గదా! క్రొత్తదియు ఖరీదైనదియునైన మందును వైద్యుడు మిక్కిలి జబ్బుపడిన వారికే యిచ్చును. వారిలో మరణములెక్కువైనచో రికార్డు మందునే దోషిగా చూపును. ఇందులకు విరుగుడుగా, వయస్సు, జబ్బు తీవ్రత, ఇతర వ్యాధులు సమానముగా నున్నవారిని జతగూర్చి పోల్చు గణితపద్ధతులెన్నో వెలసినవి. అయినను, రికార్డులో వ్రాయని భేదమును ఏ గణితమును సరిదిద్దజాలదు.

ఇట్టి త్రవ్వకము తొందరపాటును మాన్పించిన ఉదంతమొకటి మన మధుమేహ రోగులందరికిని సంబంధించినది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడులతో కలిపి ఒకే షుగరు మాత్రగా మన యూళ్ళలో విరివిగా అమ్ముడుపోవు పియోగ్లిటజోన్ మూత్రాశయపు క్యాన్సరు కలిగించునేమోయని అనుమానము పుట్టగా, కైజర్ సంస్థలో 1,93,099 మంది మధుమేహుల రికార్డులను పరిశీలింప మొదలిడిరి. 2011లో వెలువడిన నడిమి ఫలితములలో, రెండేండ్లకు మించి వాడినవారిలో ప్రమాదము కొంత యెక్కువైనట్లు కనబడెను. ఆ యేడే ఫ్రాన్సు తన దేశమున దాని వాడుకను నిలిపెను. చెన్నపట్టణపు ప్రసిద్ధ మధుమేహ వైద్యుడొకరు తన దృష్టికి వచ్చిన ఎనిమిదిమంది క్యాన్సరు రోగుల సంగతి వ్రాయగా, మన కేంద్ర ప్రభుత్వము 2013 జూనులో ఆ మందు అమ్మకమును నిలిపివేసి, వైద్యులు గగ్గోలు పెట్టగా జులై చివరనే హెచ్చరిక ముద్రతో మరల అనుమతించెను. నెలన్నర కాలము షుగరు రోగులకు దిక్కుతోచలేదు. 2015లో పదేండ్ల పరిశీలన పూర్తియై వెలువడినప్పుడు, కైజర్ రికార్డులలో ఆ మందునకును మూత్రాశయ క్యాన్సరునకును గణనీయమైన సంబంధము కనబడలేదు. ఇతర పరిశీలనలనుబట్టి అనుమానము మాత్రము పూర్తిగా తొలగలేదు.

ఎనిమిదిమంది సంగతి వ్రాసినవారిని నేను తప్పుపట్టను. వ్రాయుట వారి ధర్మము. కాని, కోట్లకొలది మధుమేహులున్న దేశమున, ఆ ఎనిమిది సంఖ్య హెచ్చో తగ్గో చెప్పుటకు మనకు మన రికార్డు లేక, కాలిఫోర్నియా వైపు చూడవలసివచ్చెను. వారి శరీరములు వేరు, వారి తిండి వేరు, వారు ఈ మందుతో కలిపి మ్రింగు మందులు వేరు. పరుల పద్దు చూచి మన యింటి అప్పు లెక్కించుకొనుట వంటిది ఇది.

ఇదే కొఱత ఇంకను విషాదకరముగా ఖమ్మము జిల్లాలో బయటపడెను. 2009 జులైలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నిరోధించు హెచ్.పి.వి. టీకాలు ప్రయోగాత్మకముగా వేసిరి. గుజరాతులోను ఇట్టి కార్యక్రమమే జరిగెను. కొందరు బాలికలు మరణించిరన్న వార్త పొక్కగా 2010 ఏప్రిలులో దానిని నిలిపివేసిరి. విచారణలో ఆ మరణములకు పాముకాటు, నీట మునుగుట, పురుగుమందు వంటి కారణములు తేలి, టీకాకు సంబంధము కన్పట్టదనిరి. అనుమతి పత్రములను తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకము చేసిన వైనము మాత్రము దేశమును కలచివేసెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము కఠినముగా అభిశంసించెను. నా వాదమునకు ముఖ్యమైన ప్రశ్న వేరొకటి: టీకా లేని యేడు ఆ మండలములలో ఆ వయస్సు బాలికలు ఎందరు, ఏ కారణమున మరణించుచుండిరి? ఆ లెక్క వెంటనే చేతికందునట్లుండినచో, అనుమానము నిలుచుటయో తొలగుటయో వారములలో జరిగియుండును. లేకపోవుటచేత టీకాపై సంశయము సంవత్సరములపాటు నిలిచిపోయెను.

ఇన్ని లోపముల నడుమ, త్రవ్వదగిన గని తెలుగునాట ఒకటైనను లేకపోలేదు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో, 2010 నుండి ‘ఐస్మార్ట్’ అను స్వంత రికార్డు పద్ధతి నడచుచున్నది. నగరపు పెద్దాసుపత్రి మొదలు పల్లెటూరి కంటి కేంద్రమువరకు రోగి వివరమంతయు ఒకే తీరున అందులో చేరును. ఆ సంస్థ వైద్యులు, కండ్ల దురదతో బాధపడు నాలుగువేలకు పైబడిన రోగుల రికార్డులను పరిశీలించి, అందు నూటికి ఇద్దరికి పైగా స్టెరాయిడు చుక్కల వాడుకవలన నీటికాసుల బారినపడిరనియు, అట్టి కన్నులలో దాదాపు మూడవవంతు తమయొద్దకు వచ్చునాటికే చూపు కోల్పోయినవనియు 2020లో ప్రకటించిరి. వేసవిలో పిల్లవాడు కండ్లు నులుముకొనుచుండగా, తల్లి మందుల షాపులో ఇరువదియో ముప్పదియో ఇచ్చి చుక్కలు కొనును. వేయగనే దురద మాయమగును. మంచి మందని మరల మరల కొనును. లోలోపల కంటి యొత్తిడి పెరిగి, నరము ఎండి, చూపు అంచులనుండి కుంచించుకొని వచ్చుచుండును. పిల్లవానికి తెలియదు, తల్లికి తెలియదు. ఏ ఒక్క వైద్యుడును జ్ఞాపకశక్తిచేత చెప్పజాలని ఈ నిష్పత్తిని రికార్డు చెప్పినది.

ప్రభుత్వపు పద్దులలో 2007 ఏప్రిలులో ఆరంభమైన ఆరోగ్యశ్రీ మొదటినుండియు కంప్యూటరుమీద నడచినదే. ప్రభుత్వములతో పాటు పేరు మారుచు వచ్చినను రికార్డు మాత్రము పెరుగుచునే యున్నది. కాని అది శస్త్రచికిత్సల పద్దు, ఆసుపత్రిలో చేరినవారి పద్దు. ఇంటికి వచ్చి ఏండ్ల తరబడి మ్రింగు బీపీ, షుగరు మాత్రల సంగతి దానికి తెలియదు. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తముగా వచ్చిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషను, ప్రతివానికి ‘ఆభా’ యను 14 అంకెల సంఖ్య నొసగి, చెల్లాచెదరైన రికార్డులను కూర్ప సంకల్పించినది. సంకల్పము శ్లాఘ్యమే. పాములపాటివంటి చోట అది నేలకు దిగునప్పుడేమగునో చూడుడు. ఒకే యూరిలో అయిదుగురు లక్ష్మీదేవులు; ఆంగ్లాక్షరములలో ఆ పేరును నాలుగు విధముల వ్రాయుదురు; ఇంటిపేరొకచోట ముందు, ఒకచోట వెనుక. వృద్ధులలో జనవరి 1న పుట్టనివారు అరుదు, ఏలనన పుట్టినరోజు తెలియనివారికెల్ల కార్డులో పడునది ఆ తేదీయే. ట్యాబులో నమోదు చేయు ఏ.ఎన్.ఎం. చేతిలో సమయమా తక్కువ, గడులా ఎక్కువ. ఇక ఆర్.ఎం.పి. వేసిన సూదికిని, బిల్లు లేక కొన్న మాత్రకును ఏ గడియును లేదు. కొన్ని శక్తిమంతమైన మందుల అమ్మకమును షాపులు పుస్తకములో వ్రాయవలెనని 2014 నుండి నిబంధన యున్నది. అదియును కాగితపు పుస్తకమే.

అన్నింటిని మించినది భాషా సమస్య. మందు వికటించుటను చెప్పుటకు తెలుగువానికి రెండు మాటలున్నవి: ‘పడలేదు’, ‘వేడి చేసినది’. నోరు పూసినను వేడియే, మూత్రము మంటపుట్టినను వేడియే, ఒంటిమీద దద్దురు లేచినను, ముక్కునుండి నెత్తురు కారినను, విరేచనములైనను వేడియే. వీనిని మూఢపు మాటలని త్రోసివేయుట విద్యావంతుల యలవాటు, నేనట్లు తలపను. మందుకును బాధకును సంబంధమున్నదని రోగి స్వయముగా కనిపెట్టి చేసిన నివేదనమది. అంతర్జాతీయ వ్యాధుల పట్టిక పదవ కూర్పులో మందుల దుష్ఫలితములకు వై-40 మొదలు వై-59 వరకు ప్రత్యేక సంకేతములున్నవి. “వేడి చేసె సార్” అన్న మాట వాని దరిదాపులకైనను పోక, ‘గ్యాస్ట్రైటిస్’ అను ఒక్క ఆంగ్లపదముగా మారి, దాని క్రింద మరియొక మాత్రగా పరిణమించును. ఏ యంత్రమైనను తరువాత చదువునది ఆ పదమునే. మన రికార్డులలో ‘రోగి మాటలలో’ అని తెలుగున వ్రాయుటకొక గడి యుంచి, ఏ మాత్ర తరువాత, ఎన్నాళ్ళకు, వేడియనగా ఏమి అను మూడు ప్రశ్నలడిగి నింపించినచో, కృత్రిమ మేధ పేరిట కొనుచున్న ఖరీదైన ఉపకరణములకంటె ఎక్కువ మేలు జరుగునని నా నమ్మకము.

ఊరి పేరులో పాములున్నవి గనుక ఒక సంగతి చెప్పి తీరవలెను. నాగుబాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషమునకు గుఱ్ఱపు నెత్తురునుండి తీయు విరుగుడు మందు ప్రాణదాతయే కాని, వణకు, దద్దురు, రక్తపోటు పడిపోవుట వంటి వికటనలు దానితో సామాన్యము. శ్రీలంకలో వేయిమందికి పైగా రోగులపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో, నలుగురిలో ముగ్గురికి ఏదో యొక వికటన కలిగినట్లును, ముందుగా స్వల్పమోతాదు అడ్రినలిన్ ఇచ్చినచో తీవ్రమైనవి బాగుగ తగ్గినట్లును తేలెను. 2024 నవంబరులో పాముకాటును తప్పక నివేదింపవలసిన వ్యాధిగా చేయుడని కేంద్రము రాష్ట్రములను కోరినది. ఆ నివేదనమున కాటు సంగతితోపాటు విరుగుడు సీసా బ్యాచి సంఖ్య, ఎక్కించిన వేళ, వణకు పుట్టిన వేళ కూడ వ్రాసినచో, నల్లమల యంచు వెంబడియున్న ఆరోగ్య కేంద్రముల పద్దులు నాలుగు కలిపినంతనే ఏ బ్యాచి బాగులేదో తెలియవచ్చును. ఇందులకు కోట్లు అక్కరలేదు. మూడు గడులు చాలును.

రహస్యము మాటేమని అడుగువారున్నారు, అడుగవలసినదే. పేరు తీసివేసితిమి, ఇక భయము లేదనుట నగరపు మాట. ఫలానా యూరిలో అరువదియేండ్ల స్త్రీ, ఫలానా జబ్బు అనగనే పల్లెలో పేరెందులకు? 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టము వచ్చినది. చట్టముకంటె నాకు నచ్చినది సెంటినెల్ వారి కట్టుబాటు: రికార్డులు ఏ సంస్థవి ఆ సంస్థలోనే యుండును, ప్రశ్న మాత్రము ఊరూర తిరిగి, మొత్తపు లెక్కలను వెంటబెట్టుకొని వచ్చును. మనమును ఆ మార్గమునే త్రొక్కుట మేలు.

పాములపాటి మండలములోనే బనకచర్ల యున్నది. పోతిరెడ్డిపాడునుండి వచ్చిన కృష్ణనీరు అచ్చట చీలి, ఒకపాయ తెలుగుగంగకును, ఒకపాయ శ్రీశైలము కుడికాలువకును పోవును; ఏ తూమునుండి ఎన్ని క్యూసెక్కులు వెడలినదో లెక్క వ్రాయబడును. అదే మండలమున ఇంటింటికి ప్రవహించు మందుల లెక్కయో, మా పెద్దమ్మ సంచిలోనున్నంతే. యంత్రములు తెచ్చువారు తెత్తురుగాక; అంతలోపల పాఠకులు చేయదగినదొకటి కలదు. మాత్రల అట్టను కత్తిరించి యిచ్చిన షాపులో పేరున్న ముక్కను అడిగి తీసికొనుడు. మందు పడనప్పుడు, ఆ మాటను తరువాతి వైద్యునిచేత చీటీమీద వ్రాయించుడు. మందు వికటించిన సంగతిని వైద్యుని ప్రమేయము లేకయే రోగిగాని ఇంటివారుగాని ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమమునకు తెలుపవచ్చును. అందులకు తెలుగులో ముద్రించిన పత్రము కలదు. ఫోను సంఖ్య 1800-180-3024. దానికి రుసుము లేదు.